సీరో సర్వేలో ‘పాజిటివ్’ను తెలుగులో ఏమందాం?

నల్లగొండ నుంచి అడుగుతున్నాను. బడి పిల్లల కోసం కరోనా సీరో సర్వే (జనం రక్తం తీసి పరీక్షించే సర్వే) మీద ఒక పేజీ రాస్తూ ‘పాజిటివ్’ దగ్గర ఆగిపోయాను. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సర్వేకు తెలంగాణలో ఎంచుకున్న మూడు జిల్లాల్లో మాదొకటి. మిగతావి జనగామ, కామారెడ్డి. మూడింటిలో కలిపి 2020 మేలో పాజిటివ్ 0.33 శాతం, 2021 జూన్‌లో 60.1 శాతం. చదివి వినిపిస్తే మా అమ్మ, “అయ్యో, నూటికి అరవై మంది మంచాన పడ్డరా!” అన్నది.

ఆమె తప్పేం లేదు. ముక్కులో పుల్ల పెట్టి చేసే టెస్టులో పాజిటివ్ అంటే వైరస్ ఉన్నట్టు. రక్తం తీసి చేసే ఈ టెస్టు వెతికేది వైరస్‌ను కాదు, దాన్ని ఎదిరించడానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలను. రెండింటికీ ఒకటే మాటైతే ఎట్లా? అమ్మవారు పోసి తగ్గిన పిల్లను మా దగ్గర ‘దానికి వచ్చిపోయింది’ అంటారు. అదే వాడితే?

— మాట బాగుందన్నా, కానీ 2020కే చెల్లుతుంది. 2021 జూన్ నాటికి టీకాలు వేస్తున్నారు కదా, వాటివల్లా యాంటీబాడీలు పుడతాయి. కొవిషీల్డ్‌తో వచ్చేవి వైరస్ పైనుండే స్పైక్ ప్రొటీన్‌కే. లోపలి న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్‌కూ కనబడితే, వైరస్ సోకిందని పోల్చుకోవచ్చు. మన హైదరాబాద్ కొవాగ్జిన్ దగ్గర ఆ ఉపాయం సాగదు: అందులో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది, రెండు రకాలూ పుట్టొచ్చు. టీకా మాత్రమే వేయించుకున్నవాణ్ని ‘నీకు వచ్చిపోయింది’ అంటే కొట్లాటకొస్తాడు! పైగా యాంటీబాడీలు నెలలు గడిచేకొద్దీ తగ్గుతాయి. దొరకనంత మాత్రాన రాలేదనీ కాదు, ఉన్నంత మాత్రాన మళ్లీ రాదనీ కాదు. ఒమిక్రాన్‌లో చూశాం.

— ‘ప్రతిరక్షకాలు గలవారు’ అని పేపర్లు రాస్తాయి. తప్పులేదు, ఎవరూ పలకరు. హెర్డ్ ఇమ్యూనిటీని (చాలామందికి తట్టుకునే శక్తి వచ్చి రోగం పాకడం తగ్గడాన్ని) ‘మంద నిరోధకత’ అన్నవాళ్లూ ఉన్నారు. గొర్లు కాసే మా మహబూబ్‌నగర్ వైపు మనుషుల్ని మంద అంటే తిట్టే.

— ‘ఆనవాలు’ సరిపోతుందా? ‘రక్తంలో ఆనవాలు దొరికినవాళ్లు 60.1 శాతం’. టీకాకూ పనికొస్తుంది, వచ్చిపోయినదానికీ పనికొస్తుంది. ఆనవాలు చెరిగిపోవచ్చు కూడా.

నల్లగొండ నుంచే మళ్లీ: అమ్మకు అట్లాగే చదివాను. ఈసారి మంచాల ఊసెత్తలేదు. “ఆనవాలు దేనిది, రోగానిదా, సూదిదా?” అన్నది.