మిచాంగ్ వరద మ్యాపు: నల్లగా ఉన్నదంతా నీళ్లేనా?

డెల్టా_పిల్లోడు:
2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ మీద ప్రాజెక్టు చేస్తున్నా. గూగుల్ వాళ్ల ఎర్త్ ఇంజిన్‌లో (శాటిలైట్ బొమ్మల మీద ఆన్‌లైన్‌లో లెక్కలు చేసే చోటు) యూరప్ శాటిలైట్ సెంటినెల్-1 రాడార్ బొమ్మలు తీసుకుని, వరద మ్యాపులకి అందరూ కాపీ కొట్టే ఆ స్క్రిప్టే నేనూ నడిపా. రాడార్‌కి నీళ్లు నల్లగా కనిపిస్తాయి, కొత్తగా నల్లబడిన చోటికి స్క్రిప్టు నీలం వేస్తుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు అంతా నీలం పులిమినట్టు వచ్చింది. మూడు డౌట్లు. 1) తుఫానుకు ముందు బొమ్మ ఏ తేదీది పెట్టాలి? 2) స్క్రిప్టులో వరద అని తేల్చే 1.25 హద్దు మన డెల్టాకి సరిపోద్దా? 3) ఊరి వారీగా కేఎంఎల్ (మ్యాపు యాప్‌లో తెరుచుకునే ఫైలు) చేసి ఫోన్లో తెరిచేదెలా? మూడోది అర్జెంటు, సోమవారం ఊళ్లు తిరగాలి.

ఉప్పుగాలి:
నిజాంపట్నం వైపు నీలం అంటే సగం మా రొయ్యల చెరువులే నాయనా. ఎండగట్టి మళ్లీ నీళ్లు పెట్టుకున్న చెరువు కూడా మీ మ్యాపులో కొత్తగా వచ్చిన వరదే. అసలు నష్టమేమో కనపడదు. గట్టు తెగి రొయ్యంతా కాలవలోకి పోయింది నాకు. పైనుంచి చూస్తే ముందూ నీళ్లే, తర్వాతా నీళ్లే! ఏ శాటిలైట్‌కి చెప్పుకోను?

నల్లమడ_గట్టు:
ఎప్పుడూ నీళ్లుండే చోట్లు చూపే జేఆర్‌సీ (యూరప్ పరిశోధన సంస్థ) శాశ్వత జలాల లేయరు తీసేశావా తమ్ముడూ? తీసేసినా అది 2021 దాకానే. ఆ తర్వాత తవ్విన చెరువులు ఎటూ మిగిలిపోతాయి, చేత్తో గీసి తీసెయ్యాల్సిందే. నేను మూడు రాత్రులు అదే పని చేశా. ఇంకోటి, సూర్యలంక ఇసక కూడా నల్లగానే వస్తుంది. పొడి ఇసక నునుపు, రాడార్‌కి ఏమీ తిరిగి రాదు. మొదటిసారి బీచ్ మొత్తం మునిగిందని రిపోర్టు రాసి తిట్లు తిన్నా.

రాడార్_మామ:
పిల్లలూ, మన రాడార్ శాటిలైట్ రిశాట్-1 ఎగిరింది 2012లో. అంతకు ముందు నుంచీ నేను రాడార్ బొమ్మలు చూస్తున్నా. ఇందులో అంత కష్టం ఏముంది? వీహెచ్ బ్యాండు (నిలువుగా పంపి అడ్డంగా అందుకున్న తరంగం) తీసుకో, తర్వాతి బొమ్మను ముందు బొమ్మతో భాగించు, 1.25 దాటింది వరద. ప్రపంచమంతా అదే వాడుతోంది. మన డెల్టాకి ప్రత్యేకంగా కొమ్ములొచ్చాయా?

పిక్సెల్_పంతులు:
మామగారూ, ఎర్త్ ఇంజిన్ ఇచ్చే విలువలు డెసిబెల్స్‌లో ఉంటాయి, అంటే తిరిగొచ్చిన రాడార్ శక్తికి లాగరిథం లెక్క. డెసిబెల్స్‌ని ఒకదాంట్లోంచి ఒకటి తీసెయ్యాలి, భాగించకూడదు. మైనస్ 12 ఉన్న చోట మైనస్ 15 అయితే 1.25. మైనస్ 20 ఉన్న చోట అదే 1.25 రావాలంటే మైనస్ 25 దాకా పడాలి. ఒకచోట 3 డెసిబెల్స్ తగ్గితే వరద, ఇంకోచోట 5 తగ్గాలా? ఇదేం లెక్క?

రాడార్_మామ:
లెక్క నాకు చెప్తున్నావా? నీ వయసెంత? ఫలితం వస్తోందా లేదా అన్నది చూడు.

పిక్సెల్_పంతులు:
ఫలితం వస్తోంది కాబట్టే నిజాంపట్నం సముద్రంలో కలిసిపోయింది. వయసు లాగరిథంకి తెలీదు. 3 డెసిబెల్స్ తగ్గితే శక్తి సగానికి పడినట్టు, అది ఎక్కడైనా సగమే. తేడా తీసుకుని హిస్టోగ్రామ్ (ఏ విలువ ఎన్ని పిక్సెళ్లకి వచ్చిందో చూపే బొమ్మ) చూసి హద్దు పెట్టుకోండి అన్నా, అంతే.

రాడార్_మామ:
ముందు చుక్కల రొద తీసే ఫిల్టరు వెయ్యడం నేర్చుకుని అప్పుడు మాట్లాడు.

పిక్సెల్_పంతులు:
వేశాను. మీరు భాగించిన తర్వాత వేస్తారేమో!

కౌలు_బిడ్డ:
మీ మైనస్‌లు మీరు కొట్టుకోండి గానీ నాదొక మాట. పిట్టలవానిపాలెం వైపు మాది కౌలు సేద్యం, నాలుగెకరాలు. మిచాంగ్ వచ్చేసరికి కోసేసి పనలు చేలో ఉన్నాయి. వారం నీళ్లలో నానితే కంకి మీదే మొలకలొచ్చినయి. తర్వాత ఒక మ్యాపు చూపించారు, మా చేలు తెల్లగా ఉన్నాయి, నీళ్లు లేవంట! ముప్ఫై మూడు శాతం నష్టం తేలితే గానీ సాయం లేదు. శాతం ఎవడు తేల్చాలి, ఆకాశంలో తిరిగేదా?

నల్లమడ_గట్టు:
అన్నా, అది రాడార్ చేసే మోసం. నీళ్లలో నిలబడిన వరి గానీ, కోశాక నిలబడిన దుబ్బులు గానీ ఉంటే తరంగం నీటికి తగిలి, దుబ్బుకి తగిలి రెండు దెబ్బలతో వెనక్కి పోద్ది. నల్లగా రావాల్సింది తెల్లగా వస్తుంది. సెంటినెల్ తరంగం 5.6 సెంటీమీటర్లే, పైరు దాటి కిందికి దిగడం కష్టం. 2025 జులైలో శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ శాటిలైట్‌లో ఎల్ బ్యాండు ఉంది, దాని తరంగం 24 సెంటీమీటర్లు. దానికి పైరు కింద నీళ్లు కొంచెం మెరుగ్గా తెలియాలి. మీ పనలకి మాత్రం ఆలస్యమైంది.

కౌలు_బిడ్డ:
ఒక పిక్సెల్ అంటే ఎన్ని సెంట్లు? అదన్నా చెప్పండి.

రాడార్_మామ:
పది మీటర్లు ఇంటూ పది. రెండున్నర సెంట్లు. ఎకరానికి నలభై పిక్సెళ్లు. చాలా స్పష్టం.

పిక్సెల్_పంతులు:
అది పిక్సెల్ దూరం మామగారూ. అసలు రిజల్యూషన్ ఇరవై మీటర్ల పైచిలుకు. పదకొండు సెంట్లలో జరిగిందంతా కలిసి ఒక చుక్క. గట్టూ, బోదె కాలవా, చేనూ అన్నీ అందులోనే.

రాడార్_మామ:
నేనిక ఈ దారంలో మాట్లాడను.

ఉప్పుగాలి:
అప్పట్లో పన్నెండు రోజులకోసారి వచ్చిన శాటిలైట్‌తో తుఫాను ఎలా పట్టుకుంటారో అది చెప్పండి ముందు. మా ఊళ్లో నీళ్లు నాలుగో రోజుకి తీసేశాయి.

నల్లమడ_గట్టు:
అదే చిక్కు. సెంటినెల్-1బీ 2021 డిసెంబరులో పాడయింది, 1సీ ఎగిరింది 2024 డిసెంబరులో. మిచాంగ్ నాటికి 1ఏ ఒక్కటే. మనదైన రాడార్ శాటిలైట్ ఈఓఎస్-04 బొమ్మలు ఇస్రో సైటు భూనిధిలో వెతుక్కోవాలి. సెంటినెల్-2 మాటెత్తకండి, అది రాడార్ కాదు, కెమెరా, తుఫాను మబ్బుల కింద దానికేం కనపడదు. తుఫాను దాటిన వెంటనే తీసిన రాడార్ బొమ్మతోనూ ఇబ్బందే, గాలి ఇంకా ఉంటే నీటి మీద అలలు లేచి అదీ తెల్లగానే ఉంటుంది.

ఇక తమ్ముడి మొదటి డౌటు ఎవరూ ముట్టుకోలేదు. ఆగస్టు బొమ్మ పెట్టకు, అప్పుడు నాట్ల నీళ్లు ఉంటాయి, తేడా ఏమీ రాదు. నవంబరు చివర, కోతకి ముందు నీళ్లు తీసేశాక తీసింది పెట్టు. రెండు బొమ్మలకీ ఒకే కక్ష్య, శాటిలైట్ వెళ్లే దిశ ఒకటే ఉండాలి. వేరే దిశ బొమ్మ తెచ్చి తీసేస్తే కోణం తేడానే వరదగా కనిపిస్తుంది.

రాడార్_మామ:
కక్ష్య సంగతి నేను పొద్దున్నే చెప్దామనుకున్నా.

డెల్టా_పిల్లోడు:
అందరికీ థాంక్స్. కేఎంఎల్ సంగతి?

పిక్సెల్_పంతులు:
ముందు డెసిబెల్స్ సరిచెయ్యి.

నల్లమడ_గట్టు:
ఎర్త్ ఇంజిన్‌లోనే రెడ్యూస్ టు వెక్టర్స్ (పిక్సెళ్లని గీతల హద్దులుగా మార్చేది) చేసి, ఎక్స్‌పోర్ట్ టేబుల్‌లో ఫార్మాట్ దగ్గర కేఎంఎల్ అని రాయి, డ్రైవ్‌లో పడుద్ది. చిన్న చిన్న ముక్కలు తీసెయ్, లేకపోతే ఫోను వేలాడుద్ది.

కౌలు_బిడ్డ:
సోమవారం మావైపు వస్తే చెప్పు తమ్ముడూ. నీళ్లు ఎక్కడిదాకా నిలిచాయో గట్టు గట్టుకీ చూపిస్తా. నీ ఫోన్లో తెల్లగా ఉన్నవి కూడా.

ఉప్పుగాలి:
చెరువుల వైపు వస్తే బండి బయటే పెట్టు. గట్ల మీదకి రాదు.