చర్చ: కన్సల్టింగ్‌లో జూనియర్ల అవసరం తీరిపోయిందా?

గణకుడు:
కంపెనీలకు వ్యాపార సలహాలిచ్చే ఈ కన్సల్టింగ్ వృత్తిలో పదకొండేళ్లుగా ఉన్నాను. పోటీ సంస్థల మీద ఇద్దరు జూనియర్లు మూడు వారాలు కూర్చుని చేసే విశ్లేషణ ఇప్పుడు ఏఐతో ఒక మధ్యాహ్నంలో తయారవుతోంది. ఈ ఏడాది కొత్తవారిని తీసుకోవద్దని పైనుంచి మాట వచ్చింది. నాకైతే తప్పనిపించలేదు. క్లయింటు డబ్బుతో కుర్రవాళ్లకు ఎక్సెల్ నేర్పిన రోజులు పోయాయి. కాదంటారా?

చిట్టాపద్దు:
కాదనే అంటాను. వాళ్లు నేర్చుకునేది ఎక్సెల్ అని మీరెలా అనుకున్నారో! ఒకే అమ్మకాన్ని రెండు శాఖలూ తమ ఖాతాలో వేసుకున్న పట్టికను ఒక్కసారైనా కళ్లు కాయలు కాచేలా సరిచేసినవాడికి, అలాంటి మొత్తం మళ్లీ కనబడగానే అనుమానం పుడుతుంది. మనం అమ్ముకునేది ఆ అనుమానాన్నే కదండీ.

గణకుడు:
అనుమానానికేం గానీ అంకెలు చూడండి. 2023లో హార్వర్డ్ పరిశోధకులు బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ (బీసీజీ) అనే సంస్థతో కలిసి 758 మంది కన్సల్టెంట్ల మీద ప్రయోగం చేశారు. జీపీటీ-4 అనే ఏఐని వాడినవారు 25 శాతం వేగంగా పని ముగించారు, నాణ్యత 40 శాతం పెరిగింది. పైగా ఎక్కువ మెరుగుపడింది వెనకబడి ఉన్నవారే.

చిట్టాపద్దు:
సగమే చెప్పారు. ఏఐకి కొరుకుడు పడని పని ఒకటి కావాలనే ఇచ్చారు కదా, అందులో అది వాడినవారు సరైన జవాబు చేరడం 19 శాతం పాయింట్లు తగ్గింది. పట్టిక చూస్తే అంతా అందులోనే ఉన్నట్టుంది, అసలు కీలకం ఇంటర్వ్యూల నోట్సులో ఉంది. ఆ నోట్సు రాసేది ఎవరండీ? జూనియర్లే.

గుమ్మం అవతల:
నేను మీకు డబ్బు చెల్లించే వైపు మనిషిని. చాలాసేపటి నుంచి చదువుతున్నాను. మూడు వారాల పని మధ్యాహ్నంలో అయిపోతోందని గణకుడు గారు ఒప్పుకున్నారు, సంతోషం. మాకు మాత్రం బిల్లు మూడు వారాలకే వస్తోంది! ఇంకో మాట. 2025లో డెలాయిట్ అనే కన్సల్టింగ్ సంస్థ ఆస్ట్రేలియా ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో అసలు ఉనికిలోనే లేని పరిశోధన పత్రాల ప్రస్తావనలు, కోర్టు తీర్పులో లేని వాక్యం బయటపడ్డాయి. తయారీలో ఏఐని వాడారు. ఫీజులో కొంత వెనక్కి ఇవ్వాల్సి వచ్చింది. తప్పు పట్టుకున్నది బయటి విద్యావేత్త ఒకరు. సంస్థ లోపల చదివినవారు ఎందరో, ఏం చదివారో.

గణకుడు:
బిల్లు మాట నిజమే, రోజుల లెక్కన వసూలు చేసే పద్ధతి ఇక నిలవదు. పనికింత అని ముందే మాట్లాడుకోవాలి. జూనియర్లను తనిఖీకే పెడితే సరిపోదా?

చిట్టాపద్దు:
ఎన్నడూ పట్టిక కట్టనివాడు దాన్నెలా తనిఖీ చేస్తాడండీ?

గణకుడు:
సరే, ఇద్దరినైనా ఇవ్వమని అడుగుతాను. మొదటి ఆరు నెలలు వాళ్లు చేత్తోనే కడతారు, ఏఐ కట్టినదానితో పోల్చుకుంటారు. ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో ఇంకా తేలలేదు. గుమ్మం అవతల గారూ, మీ ఖాతాలో రాయను లెండి.

గుమ్మం అవతల:
రాస్తే పట్టుకోవడానికి మా వైపూ ఇద్దరు జూనియర్లు ఉన్నారు.