ఔంఢా లైగోకూ మా ఎలక్ట్రానిక్స్ సిలబస్‌కూ ఏమైనా సంబంధం ఉందా?

ధర్మాబాద్ మిర్చి:
అన్నలూ, మాది ధర్మాబాద్, నాందేడ్‌లో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ రెండో ఏడు. మొన్న అమ్మను మహారాష్ట్ర హింగోలి జిల్లాలోని ఔంఢా నాగనాథ్ దర్శనానికి తీసుకెళ్తే జీపు డ్రైవర్ "అగో, అటు దిక్కే బ్లాక్ హోల్ మిషన్ కడుతున్నరు" అన్నాడు. ఇక అమ్మకు ఒకటే టెన్షన్, అది ఊళ్లను మింగుతుందేమోనని. ఏదో సర్దిచెప్పాను గానీ నా డౌట్లు నాకున్నాయి. ఎక్కడో ఉన్న బ్లాక్ హోల్స్‌కూ మేం చదివే డయోడ్లు, సెమీకండక్టర్లకూ లింక్ ఉందా? ఇంకోటి, 2024లో హింగోలి దగ్గర రెండుసార్లు భూమి కదిలింది, మా ఇంట్లో గిన్నెలు కూడా గలగలమన్నాయి. అలాంటి చోట ఇది నడుస్తుందా?

దెగ్లూర్ పాత సారు:
ఆ మిషన్ పేరే లైగో. అది మింగేది కాదు నాయనా, వినేది. రెండు బ్లాక్ హోల్స్ ఢీకొంటే వచ్చే గురుత్వ తరంగాలను, అంటే అంతరిక్షంలోనే పుట్టే అలలను, పట్టుకునే చెవి అనుకో. 2015 సెప్టెంబర్ 14న అమెరికాలోని రెండు లైగోలకు మొదటిసారి చిక్కిన తరంగం దాదాపు 130 కోట్ల కాంతి సంవత్సరాల అవతలిది. మన దగ్గర కట్టేదానికి కేంద్ర కేబినెట్ 2023 ఏప్రిల్‌లో 2,600 కోట్లు మంజూరు చేసింది. L ఆకారంలో రెండు చేతులు, ఒక్కోటి 4 కిలోమీటర్లు. ఒక్కోదాంట్లో లేజర్ వెలుగు పోయి చివరి అద్దానికి తగిలి తిరిగొస్తుంది. తరంగం వచ్చినప్పుడు ఆ పొడవులో ప్రోటాన్ వెడల్పులో వెయ్యో వంతు కన్నా చిన్న మార్పును కూడా పట్టాలి. అమ్మగారికి మాత్రం "చెవి" అన్న మాట ఒక్కటి చెప్పు, చాలు.

బిలోలి నుంచి పుణె:
తమ్మీ, అసలు కథంతా మెటీరియల్స్‌దే. నేను లెన్సులకు కోటింగ్ వేసే పనిలో ఉన్నాను కాబట్టి ఈ సంగతి మీద నాకు కొంచెం పిచ్చి. అమెరికా లైగో చేతుల్లోని ఒక్కో అద్దం 40 కిలోల సిలికా గాజు, దాని మీద ఒక పొర సిలికా, ఇంకో పొర టైటానియా (టైటానియం ఆక్సైడ్) కలిపిన టాంటలా (టాంటలం ఆక్సైడ్), ఇలా ఒకదాని మీద ఒకటి, అన్నీ కలిపినా కొన్ని మైక్రాన్లే. మామూలు గది వేడికే ఆ పొరల్లో అణువులు వణుకుతాయి, 100 హెర్ట్జ్ చుట్టుపక్కల బ్లాక్ హోల్ సిగ్నల్‌కు అడ్డొచ్చే వాటిలో ఈ వణుకు పెద్దది. 40 కిలోల అద్దం గమ్మున ఉంటే వెంట్రుక కన్నా పల్చని పొర గోల చేస్తుందన్నమాట! అందుకే గాలియం ఆర్సెనైడ్, అల్యూమినియం గాలియం ఆర్సెనైడ్ అనే సెమీకండక్టర్ల స్ఫటిక పొరలతో అద్దాలు చేయాలని పరిశోధనలు నడుస్తున్నాయి. ఆ పొరల్లో వణుకు చాలా తక్కువ, కానీ అంత పెద్ద సైజులో మచ్చ లేకుండా పెంచడం కష్టం. నీ టీవీ రిమోట్‌లో ఉండే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీ కూడా ఇదే కుటుంబం. ఇక చివర్న ఆ 1064 నానోమీటర్ల (ఇదీ ఇన్‌ఫ్రారెడ్డే) లేజర్ వెలుగును పట్టి కరెంటుగా మార్చే ఫోటోడయోడ్, మామూలు సిలికాన్‌ది అక్కడ మందగిస్తుంది కాబట్టి ఇండియం గాలియం ఆర్సెనైడ్‌ది వాడతారు. మీ సిలబస్సే కదా ఇది?

దెగ్లూర్ పాత సారు:
భూకంపం మాట మిగిలింది. అద్దం నాలుగు అంతస్తుల లోలకానికి వేలాడుతుంది, కింది దారాలు కూడా అర మిల్లీమీటరు లోపు గాజు పోగులే. చిన్న కదలికలు పైనే ఆగిపోతాయి. గట్టిగా కదిలితే, ఎక్కడో దూరదేశంలో పెద్ద భూకంపం వచ్చినా సరే, "లాక్", అంటే అద్దాలూ లేజరూ సరిగ్గా కుదిరి ఉన్న స్థితి, పోతుంది, మళ్లీ అద్దాలన్నీ సర్దుకునేదాకా చెవి మూసుకున్నట్టే.

ధర్మాబాద్ మిర్చి:
థాంక్స్ సార్, థాంక్స్ అన్నా. ఇప్పుడే రిమోట్‌ను ఫోన్ కెమెరా ముందు పెట్టి నొక్కాను, ఊదా రంగు చుక్క మెరిసింది. "చూడమ్మా, లైగో అద్దాలకు ఇలాంటి సరుకే పూద్దామని చూస్తున్నారంట" అంటే, "ముందు నా సీరియల్ పెట్టు" అంది.