కొబ్బరి మొదట్లో బంక: గానోడెర్మానా, రసం కారే తెగులా?

ప్రశ్న:
పద్దెనిమిదేళ్ల చెట్టు. నేలకు రెండడుగుల ఎత్తు వరకు తుప్పు రంగు బంక కారి, ఎండినచోట నల్లగా అట్టకట్టింది. కింది మట్టలు పసుపురాయి వేలాడుతున్నాయి. పుట్టగొడుగు మాత్రం ఎక్కడా లేదు. అంటే గానోడెర్మా (వేళ్లని, మొదలుని కుళ్లబెట్టే శిలీంధ్రపు తెగులు) కాదనుకోవచ్చా? చెక్కి తారు పూస్తే సరిపోతుందా?

జవాబు 1:
అలా అనుకోకండి. పుట్టగొడుగు వచ్చేది ఆఖర్న, లోపల బోదె చాలావరకు కుళ్లాక. కొన్ని చెట్లు అది రాకుండానే పోతాయి.

బంక ఎక్కడ మొదలైందో చూడండి. గానోడెర్మాలో నేలను ఆనుకుని మొదలై పైకి పాకుతుంది. రసం కారే తెగులులో పగుళ్ల నుంచి ఏ ఎత్తులోనైనా కారుతుంది, తల చాలాకాలం పచ్చగానే ఉంటుంది. మీ చెట్టుకి మట్టలు కూడా వాలాయి కాబట్టి నా అనుమానం గానోడెర్మా మీదే. తేల్చేవి వేళ్లు. మొదలుకి మూడడుగుల దూరంలో అడుగు లోతు తవ్వి నాలుగైదు వేళ్లు కోయండి. మంచి వేరు లోపల తెల్లగా, గట్టిగా ఉంటుంది. కుళ్లినది గోధుమ రంగులో మెత్తబడి ఉంటుంది.

జవాబు 2:
ఎర్రముక్కు పురుగుని మరిచిపోతున్నారు. దానికీ గోధుమ రంగు రసమే కారుతుంది. కాకపోతే రంధ్రం ఉంటుంది, అందులోంచి నమిలిన పీచు బయటికొస్తుంది, పులిసిన వాసన వేస్తుంది. చెవి ఆనిస్తే లోపల కొరికే చప్పుడు. ఇది పురుగైతే తెగులు మందులన్నీ దండగ.

ప్రశ్న అడిగినవారు:
రంధ్రాలు లేవు. ఐదు వేళ్లలో మూడు కుళ్లాయి.

జవాబు 1:
అయితే గానోడెర్మాయే. తారు పని చేయదు, జబ్బు బెరడులో లేదు. చెక్కి 10 శాతం బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద), రెండు రోజులాగి తారు పూయడం రసం కారే తెగులుకి.

చెట్టుకి ఐదడుగుల దూరంలో చుట్టూ కందకం తీయండి: లోతు రెండడుగులు, వెడల్పు అడుగు. వేరు నుంచి వేరుకి పాకకుండా ఆపేది అదే. పాదులో 1 శాతం బోర్డో మిశ్రమం 40 లీటర్లు పోయండి. వేరు ద్వారా హెక్సాకొనజోల్ అనే శిలీంధ్రనాశిని 2 మి.లీ., 100 మి.లీ. నీళ్లలో కలిపి, మూడు నెలలకోసారి ఎక్కించాలి. పెన్సిలంత లావున్న బతికిన వేరు ఎంచుకుని కొన ఏటవాలుగా కోసి, మందున్న పాలిథిన్ సంచిలో అడుగుకంటా ముంచి కట్టండి. మర్నాటికీ మందు తగ్గకపోతే వేరు మార్చండి, చాలామంది చచ్చిన వేరుకి కట్టి మందు పనిచేయలేదంటారు. పక్క చెట్లకి ఏటా 5 కిలోల వేప పిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు శిలీంధ్రాన్ని అణిచే మేలు శిలీంధ్రం) కలిపి వేయండి.

జవాబు 3:
రెండు చేరుస్తాను. ఈ పాదు నీరు పక్క పాదులోకి పారనివ్వకండి, దగ్గర్లో దున్నకండి, తెగిన వేరు తెగులుకి దారి. మందు ఎక్కించే ముందే కాయలు దింపేయండి, ఆ తర్వాత 45 రోజులు కోయకూడదు.