ఫుట్‌పాత్ ఎక్కే బైకులు, గేటు దగ్గర ఆగే కార్లు: దారి ఎవరిది? (బెంగళూరు)

మారతహళ్లి అపార్ట్‌మెంట్
మెయిన్ రోడ్డు పక్కనే మా అపార్ట్‌మెంట్. పొద్దున సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగితే చాలు, బైకులు మా గేటు ర్యాంపు మీంచి ఫుట్‌పాత్ ఎక్కేస్తాయి. పైగా నడిచేవాళ్లకే హారన్! మా కార్లూ తక్కువేం కాదు, ఫుట్‌పాత్‌కి అడ్డంగా ఆగి రోడ్డు ఖాళీ కోసం చూస్తుంటాయి. సంఘం తరఫున ఇనుప స్తంభాలు పాతిద్దామంటున్నారు. మధ్య ఎంత ఖాళీ వదలాలి? హారన్ కొడితే మనం తప్పుకోవాలని ఎక్కడైనా ఉందా? గేటు దగ్గర ముందు ఎవరు వెళ్లాలి?

చలాన్ చదివేవాడు
తప్పుకోవాలని ఎక్కడా లేదండీ. 2017 మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం యూనిఫాంలో ఉన్న పోలీసు చెబితే తప్ప ఫుట్‌పాత్ మీద బండి నడపకూడదు. అంతకుముందున్న 1989 నిబంధనల్లోనూ ఇదే. ట్రాఫిక్ జామ్ అయింది, ఆఫీసుకి ఆలస్యమైంది అంటే మినహాయింపు రాదు. ఫుట్‌పాత్ మీద పార్కింగూ నిషేధమే. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు) కిందికే వస్తుందని చెప్పింది.

నిబంధన ఉల్లంఘనకు మోటారు వాహనాల చట్టంలోని 177ఎ సెక్షన్ కింద జరిమానా 500 నుంచి 1,000 రూపాయలు. జనం మధ్య వేగంగా దూరితే 184, అంటే ప్రమాదకర డ్రైవింగ్: మొదటిసారికే 1,000 నుంచి 5,000 దాకా, లేదా జైలు. అలాగని బండికి ఎదురు నిలబడి వాదించకండి. హక్కు మీదే, కాలూ మీదే. నంబరు ప్లేటు, చక్రాలు, కెర్బ్ రాయి (ఫుట్‌పాత్ అంచు రాయి) ఒకే ఫొటోలో పడేలా తీసి ట్రాఫిక్ పోలీసుల అస్త్రం యాప్‌లో పెట్టండి. ప్లేటు మాత్రమే దగ్గరగా తీస్తే బండి ఫుట్‌పాత్ మీదుందో రోడ్డు మీదుందో తేలదు.

కెర్బ్ రాయి
స్తంభాల సంగతికొస్తే, ముందు లెక్క చూడండి. స్కూటర్ హ్యాండిల్ వెడల్పు దాదాపు 70 సెం.మీ., పెద్ద బైకులది 80 దాకా. వీల్‌చెయిర్‌కి కనీసం 90 సెం.మీ. కావాలి, సుఖంగా పోవాలంటే 120. అంటే వీల్‌చెయిర్ పట్టే ప్రతి సందులోనూ బైకు పడుతుంది. 120 సెం.మీ. ఖాళీ వదిలితే ఆటోలూ కార్లూ ఆగుతాయి, బైకులు ఆగవు. స్తంభాలతో బైకుల్ని ఆపుతామనుకోవడమే పొరపాటు. 70కి కుదిస్తే బైకు అద్దాలు మడిచి ఎలాగోలా దూరిపోతుంది, ఆగిపోయేది వీల్‌చెయిరూ పిల్లల బండీ.

అసలు బైకు ఎక్కేది మీరన్నట్టు గేటు ర్యాంపు దగ్గరే. మన ఊళ్లో చాలా ఫుట్‌పాత్‌లు వాననీటి కాలువ మీద స్లాబులు పరిచినవి. ఎత్తు ఎక్కువ కాబట్టి ప్రతి గేటు దగ్గరా మొత్తం వెడల్పూ కోసి రోడ్డు మట్టానికి దించేస్తారు. నడిచేవాడు దిగుతూ ఎక్కుతూ పోవాలి, బైకుకి మాత్రం నున్నటి దారి దొరుకుతుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల ఐఆర్‌సీ 103 మార్గదర్శకాలు చెప్పేది దీనికి ఉల్టా: కెర్బ్ ఎత్తు 150 మి.మీ. మించకూడదు, అడ్డంకుల్లేని నడకదారి కనీసం 1.8 మీటర్లుండాలి, గేటు దగ్గరా ఫుట్‌పాత్ అదే మట్టంలో సాగాలి. కారు ర్యాంపు రోడ్డు వైపు అంచులో, చెట్లూ దీపస్తంభాలూ ఉండే పట్టీలోనే ముగియాలి. ర్యాంపు గేటు వెడల్పు మేరకే ఉంచి, రెండు పక్కలా పగిలిన కెర్బ్ రాళ్లు తిరిగి పెట్టిస్తే బైకులు ఎక్కే చోట్లు తగ్గుతాయి. పూర్తిగా ఆగాలంటే రద్దీ గంటల్లో ట్రాఫిక్ పోలీసు ఉండాల్సిందే.

ఇంకోటి, ఫుట్‌పాత్ ప్రభుత్వానిది. సంఘం సొంతంగా ఏదీ పాతకూడదు. రాత్రిపూట ఎవరైనా తగిలి పడితే మీ మీదికే వస్తుంది. వార్డు ఇంజినీరుకి కొలతలతో, ఫొటోలతో అర్జీ ఇవ్వండి. నగరపాలక హెల్ప్‌లైన్ 1533కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు కూడా తీసుకోండి.

గేటు లోపల
మూడో ప్రశ్నకి నేను చెప్తాను. గేటులోంచి వచ్చే కారుకి ఫుట్‌పాత్‌ని దాటే వీలుంది, ఆగే వీలు లేదు. నడిచేవాళ్లు పోయాకే కదలాలి. చాలాచోట్ల సెక్యూరిటీ అతను విజిల్ ఊది నడిచేవాళ్లని ఆపుతాడు. ఆపాల్సింది కారుని. ఈ మాట అతనికి కాదు, అతన్ని తిట్టే కారు యజమానులకి చెప్పాలి.

లోపలికొచ్చే కార్లు ఫుట్‌పాత్ మీద ఆగడానికి కారణం విజిటర్ రిజిస్టరు. ఎంట్రీ టేబుల్ గేటుకి ఆనుకుని ఉంటే కారు వెనకభాగం ఫుట్‌పాత్ మీదే ఉంటుంది. దాన్ని కనీసం 5 మీటర్లు లోపలికి జరపండి. గేటు తలుపులు బయటికి తెరుచుకుంటుంటే లోపలికి తిప్పించండి, లేదా పక్కకి జరిగే గేటు పెట్టించండి. బయటికెళ్లే వైపు గేటుకి లోపలే ఆగే గీత, దానికి ముందు చిన్న హంప్. గోడ అడ్డమై నడిచేవాళ్లు కనపడకపోతే కుంభాకార అద్దం కంటే గోడ చివరి మీటరు ఎత్తు తగ్గించడమే నయం. అద్దం వానలో, ఎదురెండలో పనికిరాదు.

మారతహళ్లి అపార్ట్‌మెంట్
చాలా ఉపయోగపడిందండీ. స్తంభాల మధ్య గొలుసు కడితే?

కెర్బ్ రాయి
వద్దు. చూపు లేనివాళ్ల కర్రకి గొలుసు అందదు, కాళ్లకి తగులుతుంది.

చలాన్ చదివేవాడు
ఒకవేళ ఎవరికైనా బండి తగిలితే ముందు 112. వైద్యుడికి "రోడ్డు ప్రమాదం, ఫుట్‌పాత్ మీద" అని చెప్పి రాయించండి. జారిపడ్డారని రాస్తే తర్వాత పరిహారం కేసులో చిక్కు. మోటారు ప్రమాదాల పరిహార ట్రైబ్యునల్‌లో 166 సెక్షన్ కింద దరఖాస్తుకి చట్టంలో గడువు ప్రమాదం నుంచి ఆరు నెలలు. తీవ్ర గాయానికి తప్పెవరిదో రుజువు చేయకుండానే 164 కింద రెండున్నర లక్షలు అడగొచ్చు. బండి నంబరు తెలియకపోతే హిట్ అండ్ రన్ పథకంలో తీవ్ర గాయానికి 50,000 మాత్రమే. కాబట్టి నంబరు పట్టుకోవడం మర్చిపోకండి.