8 జీబీ ఉబుంటు డెస్క్‌టాప్: ర్యామ్ నిండిపోతోంది, టాప్‌లో మాత్రం ఎవరు తింటున్నారో కనబడట్లేదు

ప్రశ్న (మలక్‌పేట)
అసెంబుల్డ్ సిస్టమ్. 8 జీబీ డీడీఆర్4 ఒకే స్టిక్, ఇంటెల్ ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్, హార్డ్ డిస్క్, ఉబుంటు 24.04. పొద్దున బానే ఉంటుంది, సాయంత్రానికి మౌస్ కూడా కదలదు, డిస్క్ లైట్ ఆరదు. అప్పుడు ఫ్రీ -హెచ్ (ర్యామ్ లెక్క చూపే కమాండ్) కొడితే వచ్చింది ఇదీ, జీబీల్లో: టోటల్ 7.6, యూజ్డ్ 6.3, ఫ్రీ 0.24, షేర్డ్ 2.4, బఫ్/క్యాష్ 3.5, అవైలబుల్ 1.3. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) 2 జీబీలో 1.9 నిండింది. టాప్‌లో (నడుస్తున్న ప్రోగ్రామ్‌ల పట్టీ చూపే కమాండ్) అన్ని ప్రాసెస్‌లూ కూడినా 4 జీబీ దగ్గరే ఆగుతోంది. గంటకోసారి డ్రాప్ క్యాషెస్ (క్యాష్‌ని ఖాళీ చేసే కమాండ్) కొట్టేలా క్రాన్‌లో (టైమ్ ప్రకారం కమాండ్లు నడిపేది) పెట్టుకోమంటున్నారు, పెట్టొచ్చా అన్నా?

జవాబు (కూకట్‌పల్లి)
వద్దు. క్యాష్ అంటే డిస్క్ నుంచి ఒకసారి చదివిన ఫైళ్లు. ఎవరికైనా ర్యామ్ కావాలంటే కెర్నలే (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) వాటిని వదిలేస్తుంది. మీరు బలవంతంగా ఖాళీ చేస్తే అవే ఫైళ్లను మళ్లీ హార్డ్ డిస్క్ నుంచి చదవాలి, ఇంకా నెమ్మదిస్తుంది. ఫ్రీ కాలమ్ తక్కువుందని కంగారు పడక్కర్లేదు, చూడాల్సింది అవైలబుల్.

మీ లెక్కలో అసలు తేడా షేర్డ్ 2.4 దగ్గరుంది. అది బఫ్/క్యాష్ 3.5లో భాగమే, కానీ మామూలు క్యాష్‌లా వదిలించుకోలేం. టీఎంపీఎఫ్‌ఎస్‌లో (డిస్క్ మీద కాకుండా ర్యామ్‌లోనే ఉండే ఫోల్డర్) పెట్టిన ఫైళ్లు, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్ బఫర్లు అందులోకొస్తాయి. వాటికి వెనక డిస్క్ ఫైల్ లేదు కాబట్టి కెర్నల్ చేయగలిగిందల్లా స్వాప్‌కి తోయడమే. 3.5లోంచి 2.4 తీసేసి, ఫ్రీ 0.24 కలపండి, సుమారుగా మీ అవైలబుల్ 1.3 వస్తుంది. టీఎంపీఎఫ్‌ఎస్ ఫైల్ ఏ ప్రాసెస్ ఖాతాలోనూ పడదు, అందుకే టాప్‌లో దొరకట్లేదు.

డీఎఫ్ -హెచ్ -టీ టీఎంపీఎఫ్‌ఎస్ (టీ చిన్నక్షరం) కొట్టి ఏది నిండిందో చెప్పండి.

ప్రశ్న అడిగినవారు
/టీఎంపీ: సైజు 3.8 జీబీ, వాడింది 3.1. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసే ఫైల్) దానికి టీఎంపీఎఫ్‌ఎస్ లైన్ ఉంది. కానీ డీయూ -ఎస్‌హెచ్ /టీఎంపీ (ఫోల్డర్‌లోని ఫైళ్ల సైజు కూడి చూపే కమాండ్) కొడితే 300 ఎంబీయే చూపిస్తోంది.

జవాబు (కూకట్‌పల్లి)
అయితే డిలీట్ చేసిన ఫైల్‌ని ఏదో ప్రోగ్రామ్ ఇంకా తెరిచి పెట్టుకుంది. పేరు పోయింది కాబట్టి డీయూకి కనబడదు, చోటు మాత్రం అలాగే ఉంటుంది. సుడో ఎల్‌ఎస్‌ఓఎఫ్ +ఎల్1 కొట్టండి (ఎల్ పెద్దక్షరం). డిలీటెడ్ అని ఉన్న వరసల్లో సైజు కాలమ్ చూడండి, ఎడమ చివర ప్రోగ్రామ్ పేరు, పీఐడీ (ప్రాసెస్ నంబర్) ఉంటాయి. స్క్రీన్ రికార్డర్లు, వీడియో ఎడిటర్లు ఇలా చేస్తుంటాయి. ఆ ప్రోగ్రామ్ మూసేస్తే చోటు వెంటనే తిరిగొస్తుంది.

తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో ఆ లైన్ ముందు # పెట్టి రీబూట్ చేయండి, ఉబుంటు 24.04 మామూలుగా /టీఎంపీని డిస్క్ మీదే ఉంచుతుంది. ర్యామ్‌లోనే కావాలంటే ఆప్షన్లలో సైజ్=1జీ చేర్చండి. సైజు రాయకపోతే సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది, మీకు 3.8 చూపించేది అదే. 8 జీబీ మెషీన్‌లో డిస్క్ మీద ఉండటమే మంచిది.

స్వాప్ వెంటనే సున్నా కాకపోయినా పర్లేదు. వీఎంస్టాట్ 1 కొట్టి ఎస్‌ఐ (స్వాప్ నుంచి ర్యామ్‌లోకి వచ్చేది), ఎస్‌ఓ (ర్యామ్ నుంచి స్వాప్‌కి పోయేది) కాలమ్‌లు చూడండి. అవి సున్నా దగ్గరుంటే స్వాప్‌లో ఉన్నది ఊరికే పడి ఉన్నట్టే. వేలల్లో ఊగుతుంటేనే సిస్టమ్ మొరాయిస్తుంది.

జవాబు (సికింద్రాబాద్)
పై అన్న చెప్పింది చేశాక కూడా, స్వాప్ హార్డ్ డిస్క్ మీద ఉన్నంతకాలం ర్యామ్ నిండినప్పుడల్లా ఇబ్బందే. జెడ్‌ర్యామ్-టూల్స్ ప్యాకేజీ వేసి, /ఈటీసీ/డిఫాల్ట్/జెడ్‌ర్యామ్‌స్వాప్ ఫైల్‌లో ఆల్గో=జెడ్‌ఎస్‌టీడీ, పర్సెంట్=50 పెట్టి సర్వీస్ రీస్టార్ట్ చేయండి. స్వాప్‌కి పోవాల్సిన పేజీలను (మెమరీ ముక్కలను) కుదించి ర్యామ్‌లోనే ఉంచుతుంది, ప్రయారిటీ ఎక్కువ కాబట్టి డిస్క్ స్వాప్ కంటే ముందు నిండుతుంది. పాత స్వాప్ ఫైల్ తీసేయొద్దు.

బ్రౌజర్ వాటా చూడాలంటే ఫైర్‌ఫాక్స్‌లో అబౌట్:ప్రాసెసెస్, క్రోమ్‌లో షిఫ్ట్+ఎస్కేప్. ఏ ట్యాబ్ ఎంత తింటోందో విడివిడిగా వస్తుంది. టాప్‌లో రెస్ కాలమ్‌లు (ఒక్కో ప్రాసెస్ ర్యామ్‌లో ఎంత ఉందో చెప్పేవి) కూడితే షేర్డ్ లైబ్రరీలు (చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే ఫైళ్లు) ప్రతి ప్రాసెస్‌లోనూ మళ్లీ లెక్కకొస్తాయి, ఆ మొత్తం నమ్మకండి. ఎస్‌మెమ్ కమాండ్‌లో పీఎస్‌ఎస్ కాలమ్ (ఉమ్మడి మెమరీని వాడేవాళ్ల మధ్య పంచి చూపేది) సరైన లెక్క.

ర్యామ్ పెంచాలనుకుంటే సుడో డీఎంఐడీకోడ్ -టీ మెమరీ కొట్టి ఖాళీ స్లాట్, స్పీడ్ రాసుకుని సీటీసీకి (సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్) వెళ్లండి. ల్యాప్‌టాప్ స్టిక్ కాదు, డెస్క్‌టాప్‌ది పొడుగుది అడగండి. అదే స్పీడ్ 8 జీబీ ఇంకొకటి వేస్తే డ్యూయల్ ఛానల్ (రెండు స్టిక్‌లనూ ఒకేసారి వాడటం) కూడా వస్తుంది, ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్‌కి తేడా తెలుస్తుంది. బిగించాక మెమ్‌టెస్ట్86+ (ర్యామ్ బాగుందో లేదో పరీక్షించే ప్రోగ్రామ్) ఒక పాస్ పూర్తిగా నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా స్టిక్ మార్పించుకోండి.