కరెంటు వచ్చిపోయే ఊళ్లో ఎలక్ట్రిక్ కారుకు ఇంటి దగ్గర ఛార్జింగ్: స్టెబిలైజర్ కొనాలా?

పలకల_ఊరు:
నమస్తే అండి. మాది మార్కాపురం దగ్గర పల్లె. 30 యూనిట్ల బ్యాటరీ ఉన్న కారు వచ్చే నెల తీసుకుంటున్నాం. సింగిల్ ఫేజు సర్వీసు. మీటరు నుంచి కారు పెట్టే రేకుల షెడ్డు 30 మీటర్ల దూరం. సాయంత్రం 6 నుంచి 10 దాకా 175, 180 ఓల్టులు చూపిస్తుంది, రాత్రి 11 దాటితే 220 పైనే. రోజుకు రెండు మూడు సార్లు కరెంటు పోతుంది. కారుతో ఇచ్చే 15 ఆంపియర్ల ప్లగ్ ఛార్జరే వాడాలని ఉంది. స్టెబిలైజర్ కొనాలా? మధ్యలో కరెంటు పోతే బ్యాటరీ దెబ్బతింటుందా? ఇంట్లో ఇన్వర్టర్, పొలంలో మోటారు కనెక్షన్ ఉన్నాయి, అవేమైనా పనికొస్తాయా?

ఎర్త్_గుంత:
స్టెబిలైజర్ సంగతి తర్వాత, ముందు ఎర్త్, వైరు చూసుకోండి. పల్లెల్లో ఛార్జర్ ఎర్ర లైటు వేసి ఆగిపోతే ఎక్కువసార్లు కారణం ఎర్తే.

షెడ్డు పక్కనే కొత్త ఎర్త్ వేయించండి. 40 ఎంఎం జీఐ పైపు, 3 మీటర్ల లోతు, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు పొరలుగా. పైపు తలకి గరాటు పెట్టి ఎండాకాలంలో వారానికి రెండు మూడు బిందెల నీళ్లు పొయ్యాలి. మీ వైపు రాతి నేల కాబట్టి ఒక్క పైపుతో సరిపోకపోతే 3 మీటర్ల ఎడంగా ఇంకోటి వేసి రెండూ కలపండి. పైపుకి వైరు బిగించే క్లాంప్ దగ్గర తుప్పు పట్టిందంటే కింద ఎంత బాగా వేసినా దండగే.

ఉత్త మల్టీమీటరుతో ఎర్త్ తెలియదు. ఎలక్ట్రీషియన్ చేత ఆర్‌సీసీబీకి (కరెంటు లీకైతే లైను ఆపేసే స్విచ్చు) ముందు వైపు ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 100 వాట్ల పాతరకం ఫిలమెంట్ బల్బు పెట్టించి ఓల్టేజి చూడండి. మంచి ఎర్త్ అయితే 2, 3 ఓల్టులకు మించి తగ్గదు. 20 తగ్గిందంటే ఎర్త్ 50 ఓమ్‌ల దగ్గర ఉన్నట్టు. 5 ఓమ్‌ల లోపు రావాలి.

వైరు: మీటరు నుంచి షెడ్డుకు విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు. 30 మీటర్లకు అందులో 4 ఓల్టులు పోతాయి, 2.5 వేస్తే 7 పోతాయి. రేపు 7.2 కిలోవాట్ల వాల్ ఛార్జర్ పెట్టే ఆలోచన ఉంటే ఇప్పుడే 10 స్క్వేర్ వేయండి, మళ్లీ తవ్వక్కర్లేదు. 20 ఆంపియర్ల సి కర్వ్ ఎంసీబీ (లోడు ఎక్కువైతే పడిపోయే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టండి. ఆర్‌సీసీబీ 'టైప్ ఎ' అని అడిగి తీసుకోండి. షాపులో మామూలుగా ఇచ్చే ఏసీ రకం, కారు వైపు నుంచి డీసీ లీకేజి వస్తే ట్రిప్ అవ్వకపోవచ్చు.

సాకెట్ దగ్గర పొదుపు చెయ్యకండి. మొదటి రోజు అరగంట ఛార్జ్ అయ్యాక మెయిన్ ఆపి ప్లగ్ పీకి పిన్నులు చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ఒక పిన్ను మొదట్లో ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగినా సాకెట్ లోపల పట్టు లూజు. వెంటనే మార్చండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట వద్దు.

ఓల్టు_లెక్క:
స్టెబిలైజర్ గురించి. 175 ఓల్టులను 230 చేసి, మీ ప్లగ్ ఛార్జర్ లాగే 13 ఆంపియర్లు ఇవ్వాలంటే అది లైను నుంచి 17 పైనే లాగుతుంది. స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు మీద బరువు ఇంకా పెరిగి, ఓల్టేజి ఇంకా పడుతుంది, పక్కింటి ఫ్యానూ నెమ్మదిస్తుంది. ఓల్టేజి తగ్గినప్పుడు పెంచాల్సింది ఓల్టులు కాదు, తగ్గించాల్సింది ఆంపియర్లు. కారు స్క్రీన్‌లోనో ఛార్జర్ మీదో ఆంపియర్లు తగ్గించే వీలుంటే సాయంత్రం 8కి దించండి.

అసలు మీకు సాయంత్రం ఛార్జింగే అక్కర్లేదు. 20 నుంచి 80 శాతానికి 18 యూనిట్లు, నష్టాలతో గోడ దగ్గర 20. రాత్రి 11కి మొదలుపెడితే 220 ఓల్టులు, 13 ఆంపియర్ల మీద సుమారు 7 గంటలు. అదే 180 మీద ఎనిమిదిన్నర.

మధ్యలో కరెంటు పోతే బ్యాటరీకి ఏమీ కాదు. ప్రమాదం తిరిగి వచ్చేటప్పుడు. మొదటి నిమిషాల్లో ఓల్టేజి ఎగిరి పడుతుంది. లైన్లో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 400 దాకా రావచ్చు, కారులోని ఛార్జర్ కాలేది అప్పుడే. అందుకే ఓల్టేజి రిలే (ఓల్టేజి హద్దు దాటితే లైను తెంచేది) పెట్టి కింద 170, పైన 260, తిరిగి కలిపే ఆలస్యం 3 నిమిషాలు సెట్ చేయండి. మామూలుగా దొరికేవి 40 ఆంపియర్లవి, సరిపోతాయి. పక్కనే టైప్ 2 సర్జ్ ప్రొటెక్టర్ (ఒక్కసారిగా ఎగిరే ఓల్టేజిని ఎర్త్‌లోకి పంపేది). కరెంటు వచ్చాక ఛార్జింగ్ దానంతటదే మొదలవుతుందో లేదో ఒకసారి ఎంసీబీ దించి ఎత్తి చూసుకోండి, కొన్ని కార్లకు ఛార్జింగ్ గన్ను పీకి మళ్లీ పెట్టాలి.

పలకల_ఊరు:
చాలా థ్యాంక్స్ అన్నా. ఇంకొకటి. ఎర్త్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 18 ఓల్టులు చూపిస్తోంది. మా ఎలక్ట్రీషియన్ సాకెట్లోనే ఎర్త్, న్యూట్రల్ కలిపేస్తే ఛార్జర్ పనిచేస్తుంది అంటున్నాడు.

ఎర్త్_గుంత:
దయచేసి ఒప్పుకోకండి. ఛార్జర్ పనిచేస్తుంది, నిజమే. కానీ ఏ రోజైనా న్యూట్రల్ జాయింట్ ఊడితే కారు బాడీ మొత్తానికి 230 ఓల్టులు వస్తాయి. వాన పడ్డ నేల మీద నిలబడి డోరు పట్టుకున్న మనిషి బతకడు.

మెయిన్ దించి మీటరు దగ్గర మళ్లీ కొలవండి. లోడు లేకుండా 2, 3 ఓల్టులే ఉండి, మెయిన్ ఎత్తి గీజరు వెయ్యగానే 18 అయితే మీ సర్వీసు వైరు న్యూట్రల్ జాయింటు లూజు. అల్యూమినియం వైరు స్తంభం దగ్గర మెలిపెట్టిన చోట నల్లగా మాడి ఉంటుంది. మీరు ముట్టుకోవద్దు, లైన్‌మన్‌కి చెప్పి బిగింపించండి. మెయిన్ దించినా 18 అలాగే ఉంటే తేడా బయట లైన్లోనో మీ ఎర్త్‌లోనో ఉంది.

సూర్య_పలక:
మిగిలిన ప్రశ్నలకు. 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో ఉండేదే 1.8 యూనిట్లు, ఇన్వర్టర్ 3 కిలోవాట్లు మొయ్యదు కూడా. కారు సాకెట్ ఇన్వర్టర్ లైన్ మీద పడకుండా చూసుకోండి. పొలం కనెక్షన్ వ్యవసాయానికి ఇచ్చింది, దాంతో కారు ఛార్జ్ చేస్తే 2003 విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద అనధికార వాడకం అవుతుంది. ఇంటి సర్వీసు లోడు 1 కిలోవాటే ఉంటే అదనపు లోడుకు దరఖాస్తు పెట్టండి.

జనరేటర్ తెస్తే దాని న్యూట్రల్ ఎర్త్‌కు కలవకుండా తేలుతూ ఉంటుంది కాబట్టి ఛార్జర్ ఎర్త్ ఫాల్ట్ చూపిస్తుంది. జనరేటర్ దగ్గరే న్యూట్రల్‌ని ఎర్త్ చేయించాలి.

సోలార్ మీద ఆశ ఉంటే ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మామూలు ఆన్‌గ్రిడ్ సోలార్ (కరెంటు లైనుకు కలిపి నడిచేది) అయితే, కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా అలా తయారుచేశారు. పగలు కరెంటు లేనప్పుడు కూడా కారుకు ఛార్జింగ్ ఎక్కాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైను లేకపోయినా సోలార్, బ్యాటరీలతో నడిచేది), బ్యాటరీ కావాలి. 3 కిలోవాట్ల ప్యానెళ్లు రోజుకు సుమారు 12 యూనిట్లు ఇస్తాయి. కేంద్రం వారి ఇంటి సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ ఉంది.